పైన పటారం – లోన ఏమిటి?

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకు ఏదైనా ఒక వ్యాసం పంపించమని ఉత్తరం వ్రాసినప్పుడు నేను మొదట భయపడ్డాను. మన కళాశాలలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక పరీక్షా ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నదాన్ని. 'దేశాభ్యుదయంలో రసాయన శాస్త్రం పాత్ర' అని ఒకటి వ్రాసి పంపితే సరిపోయేది. అటువంటివి మా రోజుల్లో ప్రతి సావనీరులోనూ రెండేసి ఉండేవి. వ్రాసినవారూ ప్రూఫులు దిద్దినవారూ తప్ప వాటిని ఇంకెవరూ చదివి ఉండరని నా గట్టి అనుమానం. అందుకని, ఆ ఉద్యోగంలో చేరాక నేను నిజంగా నేర్చుకున్న ఒక సంగతి గురించి వ్రాస్తున్నాను. అది 'పై' అనే వంటకం. కెమిస్ట్రీ చదివిన మనిషి వంటల వ్యాసం పంపిందేమిటి అని నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పుడు నవ్వాలనిపిస్తే నవ్వుకోండి.

తలా ఒక గిన్నె

అమెరికా ఆఫీసుల్లో 'పాట్‌లక్' అని ఒక ఆచారం ఉంది. ఏడాదిలో మూడు నాలుగు సార్లు, మధ్యాహ్న భోజనానికి తలా ఒక వంటకం ఇంటి దగ్గర చేసుకొని వస్తారు. అన్నీ ఒక పెద్ద బల్ల మీద వరుసగా పెట్టి, ఎవరికి కావలసింది వారు వడ్డించుకొని తింటారు. ఈ మాట ఇంగ్లీషులో పదహారో శతాబ్దం నుంచీ ఉంది. అనుకోకుండా వచ్చిన అతిథికి ఆ పూట కుండలో ఏముంటే అదే ప్రాప్తం అని దాని పాత అర్థం. తలా ఒకటి తెచ్చుకోవడమనే అర్థం తర్వాత వచ్చింది.

ఆ మాట తెలియకపోయినా ఆ పని మనకు తెలియనిది కాదు. కార్తీక మాసంలో వనభోజనాలు ఉన్నాయి. అంతకన్నా దగ్గరిది హాస్టల్. సంక్రాంతి సెలవులు అయి తిరిగి వచ్చిన రాత్రి ఏ గదిలో చూసినా ట్రంకు పెట్టెలు తెరిచి ఉండేవి గదా! ఒకరి అరిసెలు, ఒకరి జంతికలు, ఒకరి సున్నుండలు, ఒకరి గోంగూర పచ్చడి, అన్నీ పాత న్యూస్‌పేపరు మీదికి చేరేవి. అది పాట్‌లక్ కాక మరేమిటి?

మా గదిలో ఒక అమ్మాయి ఉండేది. కూలి చేసుకొని బ్రతికే కుటుంబం నుంచి వచ్చి, స్కాలర్‌షిప్పు మీద చదువుకునేది. పెట్టెలు తెరిచే వేళకు సరిగ్గా ఆ అమ్మాయికి లైబ్రరీలో పని గుర్తుకు వచ్చేది. ఎందుకో మాకు చాలా రోజులు తట్టలేదు. ఆమె సంగతి చివర చెబుతాను.

మూడు 'పై'లు

తెలుగులో పై అంటే మీద, వెలుపల. లెక్కల్లో పై అంటే వృత్తపు చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, సుమారు 3.14. ఇంగ్లీషు వంటింట్లో పై అంటే పిండితో చేసిన పెట్టెలో కూరో పండో పెట్టి కాల్చిన వంటకం. ఈ మూడూ కలిసే రోజు ఒకటి ఉంది. అమెరికావారు తేదీలో నెల ముందు వేస్తారు కాబట్టి మార్చి 14వ తేదీ వారికి 3.14 అవుతుంది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరెటోరియం అనే సైన్సు మ్యూజియంలో లారీ షా అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ రోజున 'పై దినం' మొదలుపెట్టాడు. అందరూ గుండ్రంగా తిరిగి, తర్వాత పై తిన్నారు. 2009లో అమెరికా ప్రతినిధుల సభ ఆ రోజును గుర్తిస్తూ తీర్మానం చేసింది. 2019లో యునెస్కో మార్చి 14ను అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది.

మా ప్రయోగశాలలో అందరూ లెక్కలతో బ్రతికేవాళ్ళే. కనుక మార్చి 14న పాట్‌లక్ తప్పనిసరి, అందులో అన్నీ పైలే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చిన మొదటి మార్చిలో నేను బజారులో కొన్న బిస్కట్లు తీసుకొని బెరుకుగా వెళ్ళాను. బల్ల మీద ఇరవై దాకా పైలు బంగారు రంగులో మెరిసిపోతున్నాయి. పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడ ఒకరు తను చేసిన ఆపిల్ పై ముక్క నా పళ్ళెంలో పెట్టారు. పొరలు పొరలుగా, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేంత గుల్లగా ఉంది. రెండో ముక్క కూడా అడిగి తిన్నాను. ఎలా చేశారండీ అంటే, ఆవిడ ఎంతో మురిపెంగా, "రహస్యమేమీ లేదు, మా అమ్మ చెప్పినట్టు పిండిలో పంది కొవ్వు కలుపుతాను" అన్నారు.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. చేతిలో పళ్ళెం పట్టుకొని అలాగే నిలబడిపోయాను. నా మొహం చూసి ఆవిడకు విషయం అర్థమైంది. పాపం, నాకన్నా ఆవిడే ఎక్కువ బాధపడ్డారు. ఆపిల్ పండ్ల వంటకంలో మాంసాహారం ఉంటుందని నాకు తోచలేదు, దాన్ని తినని మనిషి ఉంటుందని ఆవిడకు తోచలేదు. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు. కాని ఆ తర్వాత రెండేళ్ళ పాటు పాట్‌లక్ అనగానే నాకు ఏదో ఒక అర్జెంటు పని గుర్తుకు రావడం మొదలైంది.

మూడో ఏడాది పట్టుదల వచ్చింది. నేనూ చేసుకు వెళదాం, లోపల ఏముందో తెలిసిన పై ఒక్కటైనా బల్ల మీద ఉంటుంది అనుకున్నాను. చెయ్యడం నేర్పింది కూడా ఆ పెద్దావిడే.

పిండి పెట్టె

మధ్య యుగాల ఇంగ్లండులో పై మీది పిండి తొడుగును 'కాఫిన్' అనేవారు. ఈనాడు శవపేటికకు వాడే మాటే అది. అప్పట్లో దాని అర్థం వట్టి పెట్టె. వంట పాత్ర, తీసుకువెళ్ళే డబ్బా, అన్నీ ఆ పిండే. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో తగరపు గనుల కార్మికులు అర్ధచంద్రాకారంలో మడిచిన 'పాస్టీ' అనే చేతి పైని మధ్యాహ్న భోజనంగా గనిలోకి తీసుకువెళ్ళేవారు. లోపల గొడ్డు మాంసం, బంగాళదుంప, ఉల్లి, స్వీడ్ అనే ఒక రకం దుంప ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కార్మికులు మిషిగన్ ఉత్తర భాగంలోని రాగి, ఇనుప గనులకు వలస వచ్చినప్పుడు పాస్టీ కూడా వారి వెంట వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఊరూరా అమ్ముతారు. కనుక పై పనిచేసే చోటికి ఈనాడు కొత్తగా వచ్చినది కాదు, ఎప్పటినుంచో పనివాళ్ళ భోజనమే.

దాని రూపం చూస్తే మన కజ్జికాయ జ్ఞాపకం రాక మానదు. కజ్జికాయను నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాలిస్తే చేతి పై అవుతుంది. తేడా అంతా పిండి కలపడంలో ఉంది. ఇక్కడే నా ఎమ్మెస్సీ అక్కరకు వచ్చింది.

మైదాలో నీళ్ళు పోసి పిసికితే గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. బొబ్బట్టు పైపొరకు అది కావాలి. పైకి అక్కరలేదు, ఎక్కువైతే తోలులా వస్తుంది. కొవ్వు మైదా రేణువులకు పూతలా పట్టుకొని, నీటిని అడ్డుకొని, గ్లూటెన్‌ను పెరగనివ్వదు. మన వాళ్ళు జంతికల పిండిలో కాగిన నూనె పోసి కలిపేది గుల్లగా రావాలనే గదా! అయితే పైలో కొవ్వు వేడిగా పనికిరాదు. చల్లగా, గట్టిగా, శనగగింజంత ముక్కలుగా పిండిలో అక్కడక్కడా మిగిలి ఉండాలి. వెన్నలో నూటికి ఎనభై వంతుల కొవ్వు, పదహారు వంతుల దాకా నీరు ఉంటుంది. ఓవెన్ వేడికి ఆ ముక్కలు కరిగిన చోట ఖాళీ ఏర్పడుతుంది, అందులోని నీరు ఆవిరై పొరను పైకి లేపుతుంది. తాపేశ్వరం మడత కాజాలో పొరలను చేత్తో మడుస్తారు. పైలో ఆ పని ఆవిరి చేస్తుంది.

కొలత ఏమిటంటే, తూకంలో మూడు వంతుల మైదా, రెండు వంతుల కొవ్వు, ఒక వంతు నీరు. 9 అంగుళాల పళ్ళేనికి అడుగూ మూతా రెండూ కావాలంటే 300 గ్రాముల మైదా, 200 గ్రాముల చల్లని వెన్న, 100 మిల్లీలీటర్ల ఐసునీళ్ళు, ఒక చెంచా ఉప్పు సరిపోతాయి. అడుగు మాత్రమే అయితే అందులో సగం. నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరించి, ముద్ద చేతికి అంటీ అంటనట్టు దగ్గరికి వస్తే చాలు, ఆపెయ్యండి. పూరీ పిండిలా మర్దించారో, చెడింది! గంట సేపు ఫ్రిజ్‌లో ఉంచి, అప్పడాల కర్రతో మూడు మిల్లీమీటర్ల మందాన వత్తుకోవాలి.

మన ఎండాకాలంలో చేస్తే వెన్న చేతిలోనే కరిగిపోతుంది. తెల్లవారుజామున చెయ్యండి, మైదాను కూడా ఫ్రిజ్‌లో పెట్టండి. నెయ్యి వాడవచ్చునా అని అడుగుతారు. గడ్డకట్టిన నెయ్యి వాడవచ్చు. అందులో నీరు లేదు కనుక పొరలు రావు గాని, బిస్కట్టులా గుల్లగా వస్తుంది. ఇక డాల్డా సంగతి. అమెరికాలో 1911లో క్రిస్కో అనే పేరుతో గడ్డకట్టించిన నూనె వచ్చి పంది కొవ్వుకు పోటీ అయింది. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది. రెండూ ఒక కుటుంబంలోవే. సగం హైడ్రోజనీకరణం చేసిన నూనెల్లోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటు అని తేలింది. వాటిని సురక్షితం అనడానికి లేదని 2015లో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. మన దేశంలో 2022 నుంచి నూనెల్లోనూ కొవ్వుల్లోనూ ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు వంతులు మించరాదు. కనుక నా ఓటు వెన్నకే.

కారపు పైలు

లోపలి కూర చల్లారాకే పిండిలో పెట్టాలి. వేడి కూర పెడితే వెన్న ముందే కరిగి అడుగు ముద్దవుతుంది. కూరలో నీరు కూడా ఉండకూడదు. మూత మీద నాలుగు గాట్లు పెట్టాలి, ఆవిరికి దారి లేకపోతే తనే దారి చేసుకుంటుంది. ఈ మూడు నియమాలు పాటిస్తే ఏ కూరైనా పై అవుతుంది. నేను ఆఫీసులో పరీక్షించి గెలిచినవి ఇవి.

మొదటిది బంగాళదుంప, ఉల్లి, చీజ్ పై. ఇంగ్లండులో లాంకషైర్ వైపు దీనికి పెద్ద పేరు. అర కిలో దుంపలు ఉడికించి ముక్కలు చేసి, రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నని సెగ మీద తీపి వాసన వచ్చేదాకా మగ్గించి, 200 గ్రాముల చీజ్ తురిమి కలపాలి. మిరియాల పొడి వాళ్ళ పద్ధతి. ఒక పచ్చిమిర్చి, కొంచెం వాము వేయడం నా పద్ధతి. అమెరికావారు వాము ఏమిటని అడిగి మరీ తిన్నారు.

రెండోది పాలకూర పై. గ్రీకుల పద్ధతిలో ఫెటా అనే ఉప్పని చీజ్‌తో చేస్తారు, మనం పనీరు వాడుకోవచ్చు. అర కిలో పాలకూర వేడి చేసి, చల్లారాక గుడ్డలో మూటగట్టి నీళ్ళన్నీ పిండెయ్యాలి. ఇక్కడ బద్ధకించినవారి పై చెరువైపోతుంది. అనుభవంతో చెబుతున్నాను.

మూడోది పాట్ పై. అమెరికావారు కోడిమాంసంతో చేస్తారు. బఠాణీ, క్యారట్, బీన్స్, పుట్టగొడుగులతో నిక్షేపంగా వస్తుంది. 40 గ్రాముల వెన్నలో 40 గ్రాముల మైదా వేయించి, 400 మిల్లీలీటర్ల పాలు పోసి గరిటకు అంటేటంత చిక్కబడేదాకా కలియబెట్టి, ఉడికిన కూరలు అందులో వేయాలి. దీనికి అడుగు పిండి లేకపోయినా ఫరవాలేదు, మూత చాలు.

నాలుగోది పాస్టీ. పాట్‌లక్‌కు ఇంతకన్నా మంచిది లేదని నా అభిప్రాయం. కోయనక్కరలేదు, పళ్ళెం అక్కరలేదు, నిలబడి మాట్లాడుతూ తినవచ్చు. మన బేకరీల కర్రీ పఫ్‌కు దూరపు బంధువు. సమోసా కూరే పెట్టండి, ఎవరూ కాదనరు.

వీటిని 220 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఇరవై నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి మరో అరగంట, రంగు తిరిగేదాకా కాల్చాలి. మొదటి వేడి పొరలు లేవడానికి, తర్వాతి వేడి అడుగు ఉడకడానికి.

తీపి పైలు

ఆపిల్ పైకి పుల్లని ఆకుపచ్చ ఆపిల్స్ కిలో, పంచదార 120 గ్రాములు, దాల్చినచెక్క పొడి, మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కావాలి. మూత గాట్లలోంచి రసం చిక్కగా బుడగలు రావడం చూసి దించాలి. అప్పుడే పిండిపదార్థం ఉడికి రసాన్ని పట్టుకున్నట్టు లెక్క. దించాక మూడు నాలుగు గంటలు ముట్టుకోకూడదు. వేడిమీద కోస్తే రసమంతా పారిపోతుంది. ఇదే లెక్కన మిషిగన్‌లో విరివిగా పండే పుల్లని చెర్రీలతో చేసేది చెర్రీ పై. ఆ పులుపు రుచి చూసినప్పుడు నాకు మన పచ్చి మామిడికాయ గుర్తుకొచ్చింది. ముక్కలు కోసి, బెల్లం, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, కార్న్‌ఫ్లోర్ కలిపి ఆపిల్ బదులు పెట్టాను. మామిడికాయ పులుపును బట్టి బెల్లం పెంచుకోవాలి. మా ఆఫీసులో దాన్ని 'ఉగాది పై' అంటారు.

గుమ్మడికాయ పై నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగది. మనం దప్పళంలో వేసే గుమ్మడిని వాళ్ళు గుజ్జు చేసి పాలు, గుడ్లు, పంచదార, శొంఠి, దాల్చినచెక్క కలిపి పోస్తారు. ఇలా పలచటి మిశ్రమం పోసేటప్పుడు అడుగు పిండిని ముందే కొంత కాల్చుకోవాలి. పొంగకుండా దాని మీద కాగితం పరిచి ఎండు గింజలు బరువుగా పోస్తారు. నేను శనగలు పోస్తాను. ఆ శనగలు మళ్ళీ ఉడకవు, డబ్బాలో దాచుకొని అదే పనికి వాడుకోవాలి.

హాస్టల్ విద్యార్థులకు, ఓవెన్ లేనివారికి నిమ్మకాయ పై. ఫ్లోరిడా వారి 'కీ లైమ్ పై'కి ఇది తమ్ముడు. అక్కడ గుడ్డు సొనలు కూడా వేస్తారు, మనం మానేయవచ్చు. 200 గ్రాముల మేరీ బిస్కట్లు పొడి చేసి, 100 గ్రాముల కరిగిన వెన్న కలిపి పళ్ళెంలో అదిమితే అడుగు తయారు. ఒక డబ్బా, అంటే 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్‌లో అర కప్పు నిమ్మరసం పోసి కలపండి. పాలు విరిగిపోవా అంటారేమో! నిమ్మ ఆమ్లానికి పాలలోని ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, నిజమే. కాని ఇంత చిక్కని, ఇంత పంచదార ఉన్న పాలలో అవి ముక్కలై విడిపోకుండా అంతా కలిసి గడ్డపెరుగులా చిక్కబడుతుంది. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెడితే కోసుకోవచ్చు. కాల్చే పనే లేదు.

కొంచెం లెక్క, కొంచెం జాగ్రత్త

మార్చి 14 కాబట్టి లెక్క చూద్దాం. 8 అంగుళాల పళ్ళెం, 9 అంగుళాల పళ్ళెం చూడటానికి ఒకటే. వైశాల్యం కడితే మొదటిది సుమారు 50 చదరపు అంగుళాలు, రెండోది 63.6. ఒక్క అంగుళానికి నూటికి ఇరవై ఏడు వంతులు ఎక్కువ! 9 అంగుళాల పై ఎనిమిది మందికి సరి. పాట్‌లక్‌లో అందరూ అన్నీ రుచి చూస్తారు కాబట్టి పన్నెండు ముక్కలు చేయవచ్చు. ముప్పై మందికి పైగా ఉంటే గుండ్రని పళ్ళెం వదిలేసి 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉన్న రేకులో చెయ్యండి. 234 చదరపు అంగుళాలు, అంటే దాదాపు నాలుగు పైలు ఒక్కసారే. చదరాలుగా కోస్తే కొట్లాట ఉండదు. పై దినాన పలకల పై తేవడం అధర్మం అని మా లెక్కల వారు ఇప్పటికీ నాతో వాదిస్తారనుకోండి.

పాలు, గుడ్లు, చీజ్, మాంసం ఉన్న పైలు మామూలు గది వేడిలో రెండు గంటలు మించి ఉండకూడదు. నాలుగు డిగ్రీలకూ అరవై డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఉదయం ఎనిమిదికి ఆఫీసుకు చేరి పన్నెండున్నరకు తినేవాళ్ళు వాటిని ఫ్రిజ్‌లో పెట్టి తీరాలి. కారపు పైని తినే ముందు బాగా వేడి చేయాలి. పండు, పంచదార మాత్రమే ఉన్న పైకి ఈ బెడద లేదు. ఫ్రిజ్‌లో చోటు దొరకదని తెలిస్తే ఆపిల్ పై తీసుకువెళ్ళడమే తెలివి.

చీటీ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా పైలకు పేరు వచ్చిన నాలుగైదేళ్ళకు జరిగింది. ఆ ఏడాది పాట్ పైలో తెల్ల సాస్ బదులు జీడిపప్పు ముద్ద వేసి కుర్మాలా చేశాను. బంగారు రంగు మూత, మీద పిండితోనే ఆకులు కత్తిరించి అతికించాను. అందరూ మెచ్చుకుంటుంటే నా కాళ్ళు నేల మీద లేవు. కొత్తగా చేరిన కుర్రవాడొకడు, "ఇందులో మాంసం లేదు గదా?" అని అడిగాడు. లేదు నాయనా, అన్నీ కూరగాయలే అన్నాను. అతను అడిగిన దానికి నిజమే చెప్పాను. రెండు ముద్దలు తిన్నాడు. నిమిషాల్లో పెదవులు వాచాయి, మెడ ఎర్రబడింది, ఊపిరి కోసం గోడ పట్టుకున్నాడు. అతనికి జీడిపప్పు, బాదం, అక్రోట్ల జాతి ఏదీ పడదు. అదృష్టం కొద్దీ అతని సంచిలో ఎపినెఫ్రిన్ సూది ఉంది. తొడకు తనే పొడుచుకున్నాడు. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. మర్నాటికి క్షేమంగా ఇల్లు చేరాడు.

ఎపినెఫ్రిన్ సూత్రం నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే, బోర్డు మీద వేసి చూపగలను. జీడిపప్పు ఉందని ఒక కాగితం ముక్క మీద వ్రాయడం మాత్రం నాకు తోచలేదు. కొన్నేళ్ళ కిందట పళ్ళెం పట్టుకొని నిలబడిపోయిన నేను, ఆ రోజు అవతలి పక్కన ఉన్నాను. పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా కూర్చున్నారు. ఆవిడకు తప్ప ఇంకెవరికీ అది తెలియదు.

'పైన పటారం, లోన లొటారం' అని మనకు సామెత. పై విషయంలో లోన లొటారం కాకపోవచ్చు, అమృతమే కావచ్చు. కాని అది మూత పెట్టిన వంటకం. కూరైతే కంటికి కనిపిస్తుంది. పైని మాత్రం చేసినవాళ్ళ మీద నమ్మకంతో కొరుకుతాం. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి శాకాహారం అని తెలుసుకుంటాం. అమెరికాలో ఆ చుక్క పెట్టాలనే చట్టం లేదు. అక్కడి చట్టం ప్యాకెట్ల మీద పడని పదార్థాలు వ్రాయమంటుంది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, జీడిపప్పు బాదం జాతి, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు, మొత్తం తొమ్మిది. ఇంటి దగ్గర చేసుకొచ్చిన వంటకానికి ఏ చట్టమూ లేదు. అది మనమే పెట్టుకోవాలి.

కనుక నా పై ముందు ఇప్పుడు ఎప్పుడూ ఒక చీటీ ఉంటుంది. వంటకం పేరు, పిండిలో వాడిన కొవ్వు, లోపల వేసినవి ఒక్కటీ వదలకుండా, గుడ్డు ఉందో లేదో, పప్పులు ఉన్నాయో లేవో వ్రాస్తాను. ఏ పై కత్తి ఆ పైకే, పప్పుల పై కోసిన కత్తి మరొకదానికి తగలకూడదు. పంది కొవ్వు విషయం నాబోటి శాకాహారులకే కాదు, ముస్లిం మిత్రులకూ యూదు మిత్రులకూ అంతే ముఖ్యం. మొదట నేను ఒక్కదాన్నే పెట్టేదాన్ని. మరుసటి ఏడు పెద్దావిడ తన ఆపిల్ పై ముందు పెద్ద అక్షరాలతో 'పంది కొవ్వు' అని వ్రాసి, దాని పక్కనే వెన్నతో చేసిన చిన్న పై ఒకటి నా కోసం పెట్టారు. ఇప్పుడు చీటీ లేని గిన్నె మా బల్ల మీద ఉండదు. ఆ కుర్రవాడూ వస్తాడు, ముందు చీటీ చదివి, తర్వాత తింటాడు.

చివరగా మా గది అమ్మాయి సంగతి. ఒక సంక్రాంతి తర్వాత మా సీనియర్ అక్క ఒకావిడ, లైబ్రరీకి బయలుదేరుతున్న ఆ పిల్లను గుమ్మంలో ఆపి, "ఇంతమందిమి ఇన్ని కారాలు తింటున్నాం, మంచినీళ్ళు ఎవరు తెస్తారే? కూజా నింపుకొని రా, అది నీ వంతు" అంది. అంతే. ఆ రోజు నుంచి కూజా ఆ అమ్మాయిది. మేము జంతికలు మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఆమె కూజా మరిచిపోయిన రోజు లేదు. లైబ్రరీ పని మళ్ళీ ఆ వేళకు పడలేదు.

మా ఆఫీసులో పాట్‌లక్‌కు ముందు గోడకు ఒక కాగితం అంటిస్తారు, ఎవరేమి తెస్తారో వ్రాయడానికి. కొన్నేళ్ళుగా ఆ కాగితం నేనే తయారు చేస్తున్నాను. అందులో పైలకు వరుసలు గీసి, కింద గ్లాసులు, పళ్ళాలు, మంచినీళ్ళు అని మూడు వరుసలు ఖాళీగా ఉంచుతాను. అవి ఎప్పుడూ నిండుతాయి. ఎవరు నింపారో నేను పరకాయించి చూడను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీరు ఏ దేశంలో ఏ బల్ల ముందు నిలబడినా, మీ వంటకం బాగుండాలని కోరుకోండి. లోపల ఏముందో ముందుగా చెప్పండి. ఆ వేళకు లైబ్రరీ పని గుర్తుకు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి గుమ్మం వైపు చూడండి.